రెండు మీటర్ల పది సెంటీమీటర్ల కాగితంపై మార్క్ బిల్లింగమ్: ఒక గోడ పట్టిక తయారీ డైరీ

ఇంగ్లండ్ నటుడు, క్రైమ్ నవలా రచయిత మార్క్ బిల్లింగమ్ జీవితాన్ని, వృత్తిని ఒకే చోట చూపించే గోడ పట్టికను మా పఠన బృందం గది కోసం తెలుగులో తయారు చేశాను. రచయితల జీవిత పట్టికలు చేయదలచిన గ్రంథాలయాలకు, బృందాలకు ఈ కొలతలు నేరుగా ఉపయోగపడతాయి. ఏ కొలతను ఎందుకు వదిలేశానో కూడా రాస్తున్నాను కనుక చార్టు కాగితం, జిగురు కొంతైనా మిగులుతాయి.

దశ 1: సమాన కాలమానం, ఒకే గీత

సామగ్రి: 71 సెం.మీ. పొడవు, 56 సెం.మీ. వెడల్పు గల తెల్ల చార్టులు రెండు, మీటరు స్టీలు స్కేలు, హెచ్‌బీ పెన్సిల్, జెల్ పెన్నులు, తెల్ల జిగురు. వివరాలన్నిటినీ ముందుగా కంప్యూటర్‌లో పట్టికగా ఎక్కించి, సంవత్సరం వారీగా వరుస పెట్టుకున్నాను.

1. రెండు చార్టులను ఒకదానిపై ఒకటి 1.5 సెం.మీ. ఎక్కించి అతికించాను. పొడవు 140.5 సెం.మీ. వచ్చింది.
2. బిల్లింగమ్ పుట్టిన 1961 నుంచి 2024 వరకు 64 సంవత్సరాలకు, సంవత్సరానికి 2 సెం.మీ. చొప్పున 128 సెం.మీ. గీత గీశాను.
3. గీతకు పైన జీవిత ఘట్టాలను, కింద నవలలను అమర్చాను.

ఈ అమరిక మూడు చోట్ల విఫలమైంది. మొదటిది స్థలానికి సంబంధించినది. 1961 నుంచి 1984 వరకు 24 ఏళ్ళకు 48 సెం.మీ. పడితే, అక్కడ రాయవలసినవి నాలుగే నాలుగు అంశాలు: సొలిహల్‌లో జననం, బర్మింగ్‌హామ్‌లోని మోజ్లీలో పెరగడం, కింగ్ ఎడ్వర్డ్ సిక్స్త్ క్యాంప్ హిల్ బాలుర పాఠశాలలో చదువు, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో నాటక విభాగం నుంచి పట్టా పుచ్చుకుని మిత్రులతో కలిసి 'బ్రెడ్ అండ్ సర్కసెస్' అనే నాటక బృందం పెట్టడం. అంతే పొడవున్న చివరి 48 సెం.మీ.లో మాత్రం 2001 నుంచి 2024 వరకు వచ్చిన నవలలన్నీ ఇరుక్కోవాలి. కాగితంలో మూడో వంతుకు పైగా ఖాళీగా ఉండగా, మరో మూడో వంతుకు పైగా ఊపిరాడకుండా నిండిపోయింది.

రెండోది అక్షరాలకు సంబంధించినది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కనుక 5 మి.మీ. ఎత్తు అక్షరానికి వరుసల మధ్య కనీసం 9 మి.మీ. కావాలి. 2 సెం.మీ. వెడల్పు గడిలో 'ద కిల్లింగ్ హ్యాబిట్' వంటి శీర్షికను అడ్డంగా రాయడం కుదరలేదు. నిలువుగా తిప్పి రాస్తే గోడ దగ్గర నిలబడినవారు మెడ వాల్చి చదవవలసి వచ్చింది.

అసలైన వైఫల్యం మూడోది. ఒకే గీత మీద చూస్తే 2001 దగ్గర ఒక మనిషి ఆగిపోయి మరో మనిషి మొదలైనట్టు కనిపించింది. నటుడు వెళ్ళిపోయి రచయిత వచ్చాడన్న భావన చూసేవారికి కలుగుతుంది. సేకరించిన వివరాలు చెబుతున్నది అది కాదు. స్థలాన్నీ అక్షరాలనూ కొలతలతో సరిచేయవచ్చు గానీ, ఈ మూడో లోపం కారణంగా అమరికనే మార్చవలసి వచ్చింది.

ఇప్పటి మొత్తం: పొడవు 140.5 సెం.మీ.; పట్టీ (ఒక రకం వివరాలకు కేటాయించిన అడ్డ వరుస) 1; నవలల కార్డులు 25 (ఈ అంకె తప్పు, దశ 4 చూడండి).

దశ 2: మూడు కొలతల కాలమానం

సమాన కాలమానాన్ని వదిలి, సమాచారం ఎంత దట్టంగా ఉందో అంత స్థలం ఇచ్చే పద్ధతికి మారాను.

1. 1961–1984: సంవత్సరానికి 0.5 సెం.మీ., 24 ఏళ్ళకు 12 సెం.మీ.
2. 1985–2000: సంవత్సరానికి 2 సెం.మీ., 16 ఏళ్ళకు 32 సెం.మీ.
3. 2001–2024: సంవత్సరానికి 4 సెం.మీ., 24 ఏళ్ళకు 96 సెం.మీ.
4. మొత్తం 140 సెం.మీ.

రెండు చార్టుల పొడవు 140.5 సెం.మీ. కనుక అంచులకు, పట్టీల పేర్లకు ఏమీ మిగలదు. మూడో చార్టు చేర్చి, రెండు అతుకులకు 3 సెం.మీ. పోగా 210 సెం.మీ. సాధించాను. ఎడమ అంచుకు 5, పట్టీల పేర్లకు 20, కాలమానానికి 140, ముందు ముందు రాబోయే పుస్తకాలకు 40, కుడి అంచుకు 5. ఇక్కడితో అంకెలు సరిపోయాయి గానీ, అతుకుల దగ్గర ఈ లెక్క మళ్ళీ మారింది.

ఇలా కొలత మార్చినప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. కాలమానం మారే చోట, అంటే 1984–85 మధ్య, 2000–01 మధ్య, రెండు అడ్డగీతలు జంటగా గీసి, పైన 'ఇక్కడి నుంచి కొలత మారింది' అని రాయాలి. లేకపోతే చిన్నతనం అంతా రెండు మూడేళ్ళలో గడిచిపోయినట్టు చూసేవారు భ్రమపడతారు.

దశ 3: ఒక గీత స్థానంలో ఐదు పట్టీలు

చార్టు వెడల్పు 56 సెం.మీ.ను ఇలా పంచాను: శీర్షికకు 6, సంవత్సరాల అంకెలకు 3, నటనకు 7, స్టాండప్ హాస్యానికి 7, టీవీ రచనకు 7, నవలలకు 14, 'తెర, వేదిక, పురస్కారాలు' అన్న పట్టీకి 7, అడుగున వివరణలకు 5.

నటన పట్టీలో మొదట నింపినవి చిన్న పాత్రలు. 1980ల నడుమ లండన్ చేరిన బిల్లింగమ్‌కు 'డెంప్సీ అండ్ మేక్‌పీస్', 'జూలియట్ బ్రావో', 'బూన్', 'ద బిల్' వంటి టీవీ ధారావాహికల్లో వేషాలు దొరికాయి. వాటిలో అల్లరి మూకలోని ఫుట్‌బాల్ అభిమాని, మత్తుమందుకు బానిసైనవాడు, లంచగొండి పోలీసు వంటివే ఎక్కువ. ప్రతిభ కంటే ముఖకవళికలకే ఎక్కువ విలువ ఉన్న ఆ పనిపై విసుగు పుట్టి స్టాండప్ హాస్యం వైపు వెళ్ళానని ఆయన చెప్పుకున్నారు. ముందు ముందు డిటెక్టివ్‌ను సృష్టించబోయే మనిషి తెర మీద నేరస్తుడిగా, చెడ్డ పోలీసుగా సాధన చేశాడన్న మాట. ఈ సంగతి చూసేవారి కంట పడాలని ఆ పాత్రల పేర్లను ధారావాహికల పేర్ల కంటే పెద్ద అక్షరాలతో రాశాను.

ఆ తరువాతది గట్టి అంశం: టోనీ రాబిన్సన్ రాసి, తానే నాటింగ్‌హామ్ షెరిఫ్‌గా నటించిన బీబీసీ పిల్లల హాస్య ధారావాహిక 'మెయిడ్ మారియన్ అండ్ హర్ మెర్రీ మెన్'. రాబిన్ హుడ్ కథను తలకిందులు చేసి, మారియన్‌ను నాయకురాలిగా, రాబిన్‌ను చేతగాని దర్జీగా చూపిన ఆ ధారావాహికలో బిల్లింగమ్ గ్యారీ అనే మందమతి కాపలా భటుడు. అతని జోడీ గ్రేమ్‌గా డేవిడ్ లాయిడ్ నటించారు. ఇది 1989 నుంచి 1994 వరకు నాలుగు భాగాలుగా వచ్చింది. మొదట 12 సెం.మీ. పొడవునా ఒకే రంగు పూశాను. అయితే మధ్యలో ప్రసారం లేని కాలం ఉంది కనుక, 1989, 1990, 1993, 1994 గడులను నిండుగా, నడిమి రెండు గడులను చుక్కల గీతతో మార్చాను. మూడు దశాబ్దాల కిందటి బ్రిటిష్ పిల్లలకు బిల్లింగమ్ అంటే నేటికీ ఈ గ్యారీయే.

స్టాండప్ హాస్యం పట్టీ 1987 ప్రాంతంలో మొదలవుతుంది. లండన్ కామెడీ స్టోర్‌లో ప్రధాన ప్రదర్శకుల్లో ఒకరయ్యే దాకా ఆయన ఎదిగారు. ఈ పట్టీకి ముగింపు గీత గీయడమే కష్టమైంది. ఆ పని ఒకనాడు ఠక్కున ఆగలేదు, నవలలు పెరిగేకొద్దీ క్రమంగా సన్నగిల్లింది. అందువల్ల నిలువు ముగింపు గీత తీసివేసి, పెన్సిల్‌తో ఏటవాలు గీతలు గీసి, వాటి మధ్య దూరాన్ని 2 మి.మీ. నుంచి 10 మి.మీ. వరకు పెంచుకుంటూ పోయాను. దూరం నుంచి చూస్తే పట్టీ తనంతట తాను పలచబడినట్టు కనిపిస్తుంది. అనుకరించదలచినవారికి ఈ పద్ధతిని గట్టిగా సూచిస్తాను.

టీవీ రచన పట్టీలో ముఖ్యమైనది పీటర్ కాక్స్‌తో కలిసి పిల్లల కోసం రాసిన 'నైట్ స్కూల్'. ఇదే జంట తరువాత విల్ పీటర్సన్ అన్న ఉమ్మడి కలం పేరుతో 'ట్రిస్కెలియన్' మూడు భాగాలను 2008, 2009, 2010 సంవత్సరాల్లో వెలువరించింది. ఆ మూడు కార్డులను నవలల పట్టీలో పెడితే మొత్తం పెరిగిపోతుంది, పెట్టకపోతే ఆ మూడేళ్ళలో ఆయన చేసిన పని సగమే కనిపిస్తుంది. చివరకు వాటిని టీవీ రచన పట్టీలోనే, 'పీటర్ కాక్స్‌తో కలిసి' అన్న వివరణతో ఉంచాను. పట్టీ పేరును కూడా 'టీవీ రచన, ఉమ్మడి రచన' అని మార్చాను.

ఇప్పటి మొత్తం: పొడవు 210 సెం.మీ.; పట్టీలు 5; ఉమ్మడి రచనల కార్డులు 3.

దశ 4: కార్డుల లెక్క

నవలల కార్డు కొలత 3.5 × 6.5 సెం.మీ. 4 సెం.మీ. గడిలో రెండు పక్కలా 2.5 మి.మీ. ఖాళీ ఉంటుంది. 14 సెం.మీ. పట్టీని రెండు వరుసలు చేసి, కింది వరుసను బిల్లింగమ్ సృష్టించిన డిటెక్టివ్ టామ్ థోర్న్ నవలలకు, పై వరుసను మిగిలిన నవలలకు కేటాయించాను. ఇక అసలు చిక్కు సంవత్సరాలతో వచ్చింది.

ఒక పుస్తక విక్రేత జాబితా నుంచి తీసుకున్న సంవత్సరాలను అలాగే ఎక్కించినప్పుడు కొన్ని గడుల్లో రెండేసి కార్డులు పడ్డాయి, కొన్ని గడులు ఖాళీగా మిగిలాయి. కారణం సులువైనదే. బ్రిటన్‌లో ఒక నవల గట్టి అట్ట ప్రతిగా ఒక ఏడాది వస్తే, మెత్తని అట్ట ప్రతిగా సాధారణంగా మరుసటి ఏడాది వస్తుంది. జాబితాలో రెండు రకాల ప్రతుల సంవత్సరాలూ కలిసిపోయాయి. దిద్దుబాటు పద్ధతి ఇది:

1. ప్రతి పుస్తకానికి కాపీరైట్ పేజీలో 'మొదటి ప్రచురణ' అన్న వరుసను మాత్రమే చూడాలి.
2. బ్రిటన్ ప్రచురణను మాత్రమే లెక్కించాలి, అమెరికా ప్రచురణ సంవత్సరాన్ని పక్కన పెట్టాలి.
3. శీర్షిక వేరైనా కథ ఒకటేనా అని పరిశీలించాలి.

ఈ మూడో మెట్టే 25వ కార్డును తొలగించింది. 2011లో బ్రిటన్‌లో 'గుడ్ యాజ్ డెడ్'గా వచ్చిన నవలే అమెరికాలో 'ద డిమాండ్స్' అన్న పేరుతో వచ్చింది. పేర్లను బట్టి లెక్క పెట్టే ఏ పట్టికలోనైనా ఇది రెండు పుస్తకాలుగా నమోదవుతుంది.

దిద్దిన తరువాత వచ్చిన వరుసలో ఆసక్తికరమైన సంగతి బయటపడింది. 2001లో 'స్లీపీహెడ్' మొదలుకుని 2024లో 'ద రాంగ్ హ్యాండ్స్' వరకు 24 గడులు, 24 నవలలు. ఏ గడిలోనూ రెండు లేవు, ఏ గడీ ఖాళీగా లేదు. ఏడాదికొకటి చొప్పున ఇరవై నాలుగేళ్ళు నాగా లేకుండా రాయడంలోని క్రమశిక్షణను పొగడ్త ఒక్కటీ రాయకుండానే పట్టిక చూపిస్తుంది. పని పరంగా మరో లాభమూ ఉంది. ఎక్కడైనా గడి ఖాళీ అయితే సంవత్సరం తప్పుగా ఎక్కిందని వెంటనే తెలిసిపోతుంది.

వరుసల వారీగా: థోర్న్ నవలలు 18, విడి నవలలు 4 (2008లో 'ఇన్ ద డార్క్', 2012లో 'రష్ ఆఫ్ బ్లడ్', 2016లో 'డై ఆఫ్ షేమ్', 2021లో 'ర్యాబిట్ హోల్'), డెక్లన్ మిల్లర్ నవలలు 2 (2023లో 'ద లాస్ట్ డాన్స్', 2024లో 'ద రాంగ్ హ్యాండ్స్').

ఈ విభజన కూడా పూర్తిగా నిలవలేదు. 'ఇన్ ద డార్క్'లో గర్భవతిగా కనిపించే పోలీసు అధికారిణి హెలెన్ వీక్స్ తరువాత థోర్న్ నవలల్లోకి వచ్చి, అతని జీవితంలోనూ చోటు సంపాదించుకుంటుంది. 'డై ఆఫ్ షేమ్'లోని నికోలా టానర్ మరుసటి ఏడాది 'లవ్ లైక్ బ్లడ్'లో థోర్న్‌తో కలిసి పనిచేస్తుంది. విడి నవలలుగా మొదలైన నాలుగింటిలో రెండు ఇలా పెద్ద శ్రేణికి తలుపులయ్యాయి. వాటిని కింది వరుసకు దించితే ప్రచురించిన నాటి స్వభావం పోతుంది. అందుకే పై వరుసలోనే ఉంచి, కార్డు అడుగున 1 సెం.మీ. మేర థోర్న్ వరుస రంగు (నీలం) పూశాను.

మిల్లర్ కార్డుల దగ్గర ఇదే ఉపాయం మరోలా పనికివచ్చింది. బ్లాక్‌పూల్ నేపథ్యంగా, బాల్‌రూమ్ నృత్యం తెలిసిన, భార్యను కోల్పోయిన, ఎలుకలను పెంచుకునే డిటెక్టివ్‌తో నడిచే ఈ నవలల్లో హాస్యం బాహాటంగా ఉంటుంది. కనుక వాటి పైఅంచుకు స్టాండప్ పట్టీ రంగు (పసుపు) ఇచ్చాను. పెన్సిల్ గీతలతో సన్నగిల్లిన ఆ పట్టీ 2023 దగ్గర కార్డు అంచుగా మళ్ళీ కనిపిస్తుంది. పంచ్‌లైన్‌ను ఎప్పుడు విసరాలో తెలిసినవాడికి రహస్యాన్ని ఎప్పుడు విప్పాలో తెలుస్తుందని, రెండింటి మెళకువ ఒకటేనని బిల్లింగమ్ పలుమార్లు చెప్పారు. థోర్న్ నవలలు చదివినవారు ఒప్పుకునే మాటే ఇది.

ఇప్పటి మొత్తం: నవలల కార్డులు 24 (18 + 4 + 2), ఉమ్మడి రచనల కార్డులు 3, తొలగించిన కార్డు 1.

దశ 5: అతుకులు, జిగురు

ఎడమ చార్టు కుడి చార్టు మీదికి వచ్చేలా అమర్చి చూసినప్పుడు కనిపించే అంచులు 71 సెం.మీ., 140.5 సెం.మీ. దగ్గర పడ్డాయి. మొదటి నవల కార్డు 69.25 నుంచి 72.75 వరకు ఉంటుంది కనుక మొదటి అంచు సరిగ్గా 'స్లీపీహెడ్' కింద నడిచింది. రెండో అంచు 2018 నాటి 'ద కిల్లింగ్ హ్యాబిట్' కుడి చివర కింద పడింది. కార్డు కింద మెట్టు ఉంటే ఆ చోట ఉబ్బి, కొద్ది రోజుల్లో ఊడిపోతుంది.

1. పట్టీల పేర్ల గడిని 20 నుంచి 22 సెం.మీ.కు పెంచాను. కుడి అంచు 5 నుంచి 3కు తగ్గింది. 2001 గడి 71 సెం.మీ. దగ్గర మొదలైంది.
2. అతుకు దిశ మార్చి, కుడి చార్టును ఎడమ చార్టు మీదికి తెచ్చాను. కనిపించే అంచులు 69.5, 139 సెం.మీ. దగ్గరికి వచ్చాయి.
3. మొదటి అంచు నవలల కార్డు లేని 2000 గడిలో పడింది. రెండోది 2017, 2018 గడుల సరిహద్దు మీద కచ్చితంగా కూర్చుంది.

నీటి పాలు ఎక్కువగా ఉన్న తెల్ల జిగురు వల్ల చార్టు ముడతలు పడింది. ముఖ్యంగా పెద్ద పట్టీల మీద ముడత 3 మి.మీ. వరకు లేచింది. అతుకులకు రెండు వైపులా అంటుకునే టేపు, కార్డులకు గ్లూ స్టిక్ వాడిన తరువాత ఆ ఇబ్బంది పోయింది. కార్డు అంతటా కాకుండా పైఅంచుకు, కింది అంచుకు మాత్రమే జిగురు రాయడం మేలు, తరువాత మార్చవలసి వస్తే కాగితం చిరగదు.

దశ 6: 1997 నాటి ఎర్ర గీత

1997లో బిల్లింగమ్, పీటర్ కాక్స్ మాంచెస్టర్‌లోని ఒక హోటల్ గదిలో ఉండగా ముసుగు దొంగలు చొరబడి, వారిని కట్టిపడేసి దోచుకున్నారు. ఇది వృత్తికి చెందిన ఘట్టం కాదు కనుక మొదట పట్టిక అడుగున వివరణల్లో రెండు వాక్యాలుగా రాశాను. అక్కడ దాన్ని చదివేవారే లేకపోయారు. పైగా, భయాన్నే ఆయుధంగా వాడే హంతకుడితో నడిచే రెండో నవల 'స్కేర్డీ క్యాట్' ఆ అనుభవం నుంచే పుట్టిందని తెలిశాక, దాన్ని అడుగున ఉంచడం సబబు కాదనిపించింది.

అందుకే 64 సెం.మీ. దగ్గర, 1997 గడి నడుమ, ఐదు పట్టీలనూ దాటుకుంటూ 42 సెం.మీ. ఎత్తున 2 మి.మీ. మందం ఎర్ర గీత గీశాను. గీత పక్కన ఒకే వాక్యం. అక్కడి నుంచి 2002 కార్డుకు 13 సెం.మీ. ఎర్ర దారం. ట్యుల్స్ హిల్‌లోని చిన్న దుకాణంలో, చెరలో చనిపోయిన తన కొడుకు విషయంలో నిజం తేల్చమంటూ దుకాణదారు హెలెన్ వీక్స్‌ను బందీగా పట్టుకునే 'గుడ్ యాజ్ డెడ్'కు కూడా దారం కట్టాలని మొదట అనిపించింది. కానీ ఆ సంబంధం నా పఠనంలో తోచినది మాత్రమే. ఆయన చెప్పినవాటికి నిండు దారం, నా ఊహలకు చుక్కల గీత అన్న నియమం పెట్టుకుని, ఇక్కడ పెన్సిల్‌తో చుక్కలు పెట్టాను. ఏ రచయిత పట్టిక చేసినా ఈ నియమం మొదటే పెట్టుకోవడం మంచిది. దారాలు ఒకసారి మొదలైతే ప్రతిదానికీ ప్రతిదానితో సంబంధం కనిపించడం మొదలవుతుంది.

దశ 7: దారాలు చిక్కుపడిన చోట

తెర మీదికి వెళ్ళిన నవలలకు దారాలు కట్టాను. 2010లో స్కై వన్‌లో వచ్చిన 'థోర్న్' ఆరు భాగాలు. మొదటి మూడు 'స్లీపీహెడ్', తరువాతి మూడు 'స్కేర్డీ క్యాట్'. డేవిడ్ మోరిస్సీ థోర్న్‌గా, ఏడన్ గిలెన్ అతని మిత్రుడైన శవపరీక్ష వైద్యుడు ఫిల్ హెండ్రిక్స్‌గా నటించారు. 2010 గడి నుంచి ఆ రెండు కార్డులకు అడ్డంగా 36, 32 సెం.మీ. ఇవి సాఫీగా కూర్చున్నాయి.

2017లో బీబీసీ వన్‌లో వచ్చిన 'ఇన్ ద డార్క్' నాలుగు భాగాల దగ్గర చిక్కు వచ్చింది. హెలెన్ వీక్స్‌గా మయానా బ్యూరింగ్ నటించిన ఈ ధారావాహికలో మొదటి రెండు భాగాలకు ఆధారం 2015 నాటి 'టైమ్ ఆఫ్ డెత్', చివరి రెండింటికి ఆధారం 2008 నాటి 'ఇన్ ద డార్క్'. ముందు రాసిన కథ తెర మీద వెనుక వచ్చింది. పొట్టి దారం (8 సెం.మీ.) ఎడమ కొక్కేనికి, పొడవు దారం (36 సెం.మీ.) కుడి కొక్కేనికి కట్టాలి కనుక రెండూ ఒకదానినొకటి దాటాయి. ఒకే రంగు దారంతో చూస్తే ఏది ఎక్కడికి పోతుందో తెలియలేదు. ఒకదానికి ఆకుపచ్చ, మరొకదానికి నారింజ వాడి, కొక్కేల దగ్గర 'భాగాలు 1–2', 'భాగాలు 3–4' అని రాసిన తరువాత స్పష్టత వచ్చింది.

'క్రై బేబీ' దారం అన్నిటికంటే పొడవైనది. 2020లో వచ్చిన ఈ నవల, ఇంగ్లండ్‌లో యూరో ఫుట్‌బాల్ పోటీలు జరిగిన 1996 వేసవిలో నడుస్తుంది. శ్రేణిలో 17వదైన ఈ పుస్తకం కథాకాలం ప్రకారం మొదటిదాని కంటే ముందుది. శ్రేణిని కథాకాలం ప్రకారం పేర్చి చూస్తే పాఠకులకు ఆ ఒక్క నవల స్థానం తెలుస్తుంది గానీ, రచయిత జీవితం చెదిరిపోతుంది. పట్టిక పని ఆయన జీవితాన్ని చూపించడమే కనుక ప్రచురణ వరుసనే నిలిపి, 2020 కార్డు నుంచి 1996 గడి వరకు 87 సెం.మీ. దారాన్ని అడుగు వివరణల పట్టీ గుండా నడిపాను. నవలల పట్టీ మీదుగా నడిపితే పందొమ్మిది కార్డుల శీర్షికలు దాని కింద పడేవి.

పురస్కారాల బిళ్ళలను మొదట కార్డుల మీదే అతికించాను. అప్పుడు 'లేజీబోన్స్'కు 2003లోనే బహుమతి వచ్చినట్టు కనిపించింది. థీక్‌స్టన్స్ ఓల్డ్ పెక్యూలియర్ వారి ఉత్తమ క్రైమ్ నవల పురస్కారం ఆ నవలకు వచ్చింది 2005లో, 'డెత్ మెసేజ్'కు (2007) వచ్చింది 2009లో. బహుమతి మెత్తని అట్ట ప్రతులను పరిగణించేది కాబట్టి ఈ రెండేళ్ళ ఎడం. బిళ్ళలను ఐదో పట్టీలో ఇచ్చిన సంవత్సరం కిందికి మార్చి, కార్డు అంకెను బిళ్ళ మీద రాశాను. బహుమతి ప్రదానం జరిగే హారోగేట్ క్రైమ్ రచనల ఉత్సవానికి వేదికైన ఓల్డ్ స్వాన్ హోటల్‌లోనే, 1926లో కనబడకుండా పోయిన అగథా క్రిస్టీ దొరికారు. పట్టికలో ఈ ముచ్చటకు స్థలం లేదు కనుక డైరీలోనే ఉంచుతున్నాను.

ఇప్పటి మొత్తం: దారాలు 6 (ఎరుపు 1, 'థోర్న్'కు 2, 'ఇన్ ద డార్క్'కు 2, 'క్రై బేబీ'కి 1), చుక్కల సంబంధం 1, పురస్కార బిళ్ళలు 2.

దశ 8: నటన పట్టీలోని ఖాళీ

గోడకు తగిలించి రెండు మీటర్ల దూరం నుంచి చూసినప్పుడు, నటన పట్టీలో 1994 తరువాత మీటరుకు పైగా తెల్లగా మిగిలింది. ఐదు పట్టీలు చేసిన తరువాత కూడా మొదటి పట్టిక లోపమే మరో రూపంలో తిరిగి వచ్చింది. ఖాళీని అలంకారాలతో నింపడం నాకు సమ్మతం కాదు కనుక, అక్కడ నిజంగా చేరవలసినవి ఏమిటో ఎక్కించిన వివరాల్లో మళ్ళీ వెతికాను.

1. బిల్లింగమ్ తన నవలల్లో పలు పుస్తకాల ఆడియో ప్రతులను స్వయంగా చదివారు. అది నటనే. నటన పట్టీ నడుమ 1 సెం.మీ. మందం గల పలచని రంగు గీతగా దాన్ని చేర్చాను.
2. 'మై డార్లింగ్ క్లెమెంటైన్' అనే కంట్రీ సంగీత జంటతో కలిసి 2014లో 'ది అదర్ హాఫ్' అన్న ఆల్బమ్ వెలువరించారు. థోర్న్‌కు కంట్రీ సంగీతమంటే ప్రాణమని పాఠకులకు తెలిసిందే. ఇది ఐదో పట్టీలో చేరింది.
3. వాల్ మెక్‌డర్మిడ్, క్రిస్ బ్రూక్‌మైర్ తదితర రచయితలతో కలిసి 'ఫన్ లవిన్ క్రైమ్ రైటర్స్' అనే బృందంగా పాటలు పాడుతూ, 2019లో గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవ వేదిక కూడా ఎక్కారు. ఇదీ ఐదో పట్టీలోనే.

వీటితో పాటు, చదువుతున్నప్పుడు తోచిన రెండు సంబంధాలను చుక్కల గీతలతో నటన పట్టీకి కలిపాను. 'స్లీపీహెడ్'లో కదలలేని, మాట్లాడలేని స్థితిలో ఆసుపత్రి మంచంపై ఉన్న ఆలిసన్ మనసులోని మాటలు ఉత్తమ పురుషలో నడుస్తాయి. 'ర్యాబిట్ హోల్'లో మానసిక చికిత్సా విభాగంలో ఉన్న మాజీ పోలీసు ఆలిస్ ఆర్మిటేజ్ మొత్తం కథను తన నోటితోనే చెబుతుంది, ఆమెను ఎంతవరకు నమ్మాలో పాఠకుడే తేల్చుకోవాలి. రెండూ వేదిక మీద ఒక్కరే నిలబడి చెప్పదగిన ఏకపాత్రాభినయాలు. ఇరవై ఏళ్ళ ఎడం ఉన్న ఈ రెండు కార్డుల నుంచి పైకి వెళ్ళే చుక్కల గీతలు నటన పట్టీని తాకిన తరువాత 2001 దగ్గర పట్టిక రెండుగా విరిగినట్టు కనిపించడం మానేసింది.

తుది కొలతలు, వాడకం

పొడవు 210 సెం.మీ., వెడల్పు 56 సెం.మీ.; చార్టులు 3; పట్టీలు 5; నవలల కార్డులు 24; ఉమ్మడి రచనల కార్డులు 3; దారాలు 6; చుక్కల సంబంధాలు 3; పురస్కార బిళ్ళలు 2.

కుడి వైపు విడిచిన 40 సెం.మీ.లో 2034 వరకు పది గడులు పడతాయి. వాటిలో సంవత్సరాల అంకెలను పెన్సిల్‌తోనే రాయండి, కార్డులను తీసి మళ్ళీ పెట్టగలిగే బ్లూ ట్యాక్ లాంటి మెత్తని జిగురు ముద్దతో అంటించండి. కొత్త నవల ఏ వరుసలోకి వస్తుందో ముందే చెప్పలేం కనుక, ఆ పది గడుల్లో రెండు వరుసలను వేరు చేసే నడిమి గీతను గీయకుండా వదిలేశాను.